డాక్టర్ టి అండ్ ది విమెన్ రివ్యూ: అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట వినాలి?

నమస్కారం అండీ. ముందే ఒక విషయం చెప్పేస్తాను, తర్వాత కామెంట్లలో మీరు పట్టుకునే లోపల. ఈ వీడియోకి నాకు డబ్బులేం రాలేదు కానీ ఒక సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టుకునే పొడుగాటి స్పీకరు, ఫ్రీగా వచ్చింది. అదిగో, నా వెనకాల టీవీ కింద ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే మధ్యలో దాన్ని కాస్త తిడతాను. "మాటలు ఎక్కువ ఉన్న సినిమా ఏదైనా పెట్టి, మా డైలాగ్ మోడ్ ఎలా పని చేస్తుందో చెప్పండి" అన్నారు. మాటలు ఎక్కువున్న సినిమా అనగానే నాకు ఇంకేదీ తట్టలేదు. 'డాక్టర్ టి అండ్ ది విమెన్', 2000లో వచ్చింది, రాబర్ట్ ఆల్ట్‌మన్ తీశాడు.

కథ, నటీనటుల లిస్టు మీరు ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. డల్లాస్‌లో డబ్బున్న ఆడవాళ్లందరికీ ఒకే గైనకాలజిస్టు, ఆయనే రిచర్డ్ గేర్. క్లినిక్ నిండా ఆయనంటే ప్రాణం పెట్టే పేషెంట్లు, ఇంటి నిండా గొడవలు. అంతే. డల్లాస్ అన్నాను కదా, నేనుండేది కూడా ఆ పక్కనే ఫ్రిస్కోలో. అందుకే ఈ సినిమా మీద నాకు కొంచెం సొంతూరి మమకారం ఉంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అసలు ఈ వీడియో చేస్తున్నదే మొదట్లో వచ్చే వెయిటింగ్ రూమ్ సీను కోసం. కట్ లేకుండా కెమెరా ఆ గదంతా తిరుగుతూనే ఉంటుంది. ఫోన్లు మోగుతుంటాయి, ఒకావిడ నా టర్న్ ఎప్పుడంటుంది, ఇంకో ఆవిడ డాక్టర్‌గారిని ఇప్పుడే చూడాలంటుంది, కూర్చున్నవాళ్లు పక్కవాళ్లతో ముచ్చట్లు, వీళ్లందరినీ క్లినిక్‌లో పనిచేసే షెల్లీ లాంగ్ నవ్వుతూ సర్దుతూ, నవ్వు మెల్లగా పళ్లు బిగించడంలోకి మారుతూ. ఎవరి మాటా పూర్తిగా వినబడదు, కానీ ఆ గదిలో ఏం జరుగుతోందో మొత్తం అర్థమైపోతుంది. మన ఇళ్లల్లో పెళ్లికి ముందు రోజు రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఒక మూల పిన్ని పసుపు కొమ్ములు ఎక్కడ పెట్టారని అరుస్తుంది, మామయ్య ఫోన్లో "బస్సెక్కారా, ఎక్కారా" అంటుంటాడు, వంటాయన వచ్చి గ్యాస్ అయిపోయిందంటాడు, పిల్లలు గోల, ఇంత గందరగోళంలోనూ పక్క గదిలో ఎవరో మన పేరు మెల్లగా ఎత్తితే చాలు, టక్కున చెవిలో పడుతుంది. వినడమంటే అదే. ఆల్ట్‌మన్ దీన్ని సరదాకి చేసింది కాదు. 1970లో తీసిన 'మాష్' సినిమా నుంచే మాటల మీద మాటలు పేర్చేవాడు, 1974లో 'కాలిఫోర్నియా స్ప్లిట్'కి ఎనిమిది గొంతుల్ని విడివిడిగా పట్టుకునే ఎనిమిది ట్రాకుల రికార్డింగ్ మొదలుపెట్టి ఎవరి మైకు వాళ్లకి తగిలించేశాడు. ఈ సినిమా వచ్చేనాటికి ఆయనకి డెబ్బై ఐదేళ్లు. ఆ వయసులో కూడా మనం ఎవరి మాట వినాలో ఆయన చెప్పడు, మనకే వదిలేస్తాడు.

ఇప్పుడు సౌండ్‌బార్ దగ్గరికి వద్దాం. డైలాగ్ మోడ్ పని ఏమిటంటే మాటని పైకి లేపి మిగతా శబ్దాన్ని తగ్గించడం. బాగుంది. కానీ ఇక్కడ మిగతా శబ్దం కూడా మాటలే కదా! పాపం దానికి ఏం చేయాలో తోచక అందరినీ ఒకేసారి పైకి లేపింది. సంతలో మైకు పెట్టినట్టు అయ్యింది. సరే అని సబ్‌టైటిల్స్ వేశాను, అది ఇంకా ఘోరం, పది మంది మాట్లాడుతుంటే ఒకరి లైన్ కింద పడుతుంది, కళ్లు దాని మీదకే పోతాయి, మిగతా తొమ్మిది మంది ఉన్నట్టే తెలియదు. రెండూ ఆపేశాక గానీ ఆ గది మళ్లీ గదిలా వినబడలేదు. ఇక్కడే డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో చదువుకునే రోజుల్లో, వెళ్లిపోయే సీనియర్లు వదిలేసిన రెండు డొక్కు స్పీకర్లు ఉండేవి మా దగ్గర, ఒకటి గరగరమనేది. ఈ సీను వాటిలోనే బాగా వినబడిందని ఒట్టేసి చెప్తాను.

ఆ రోజుల్లోనే మొదటిసారి చూశాను ఈ సినిమా. డీవీడీ అద్దెకి తెచ్చుకున్నాం, నలుగురు రూమ్మేట్లం, రిచర్డ్ గేర్ కదా, మంచి లవ్ స్టోరీ అనుకున్నాం. అరగంటకి ఇద్దరు పడుకున్నారు, మూడోవాడు మ్యాగీ చేసుకోడానికి వెళ్లి తిరిగి రాలేదు. మా రూమ్ ఒక్కటే అలా కాదు లెండి. అమెరికాలో రిలీజ్ రోజు హాల్లోంచి బయటికొచ్చే జనాన్ని అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ అని ఒకటి ఉంది, దాంట్లో దీనికి వచ్చింది ఎఫ్. ఫెయిల్. అందరూ మాలాగే ఏదో రొమాన్స్ అనుకుని వెళ్లారేమో.

ఈసారి మా ఆవిడ, తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్యగారు పక్కన కూర్చున్నారు. వెయిటింగ్ రూమ్ సీను చూసి అత్తయ్యగారు అన్న మొదటి మాట, "ఏం బాబూ, ఈ దేశంలో అపాయింట్‌మెంట్లు ఇస్తారన్నావు కదా?"

తర్వాత నాకు చిరాకు తెప్పించే భాగం వస్తుంది. డాక్టర్‌గారి భార్య, ఫారా ఫాసెట్, షాపింగ్ మాల్‌లో బట్టలన్నీ తీసేసి ఫౌంటెన్‌లోకి దిగుతుంది. తర్వాత చిన్నపిల్లలా అయిపోతుంది. సైకియాట్రిస్టు దానికి హెస్టియా కాంప్లెక్స్ అని పేరు పెడుతుంది. అంటే మొగుడు మరీ ఎక్కువగా ప్రేమించి, ఏ లోటూ రాకుండా చూసుకుంటే, ఇక ఏమీ మిగలక ఆడదానికి మతి చెదురుతుందట. మా ఆవిడ నా వైపు తిరిగి, "మనింట్లో ఆ ప్రమాదం లేదులే" అంది. నేను పాజ్ చేశాను. నవ్వు ఆగాక చూస్తే, అసలు కథలో ఆవిడని ఒక ఆసుపత్రిలో పెట్టేసి, డాక్టర్‌గారికి గోల్ఫ్ కోచ్ హెలెన్ హంట్‌తో ప్రేమకి దారి చేశారు, అంతే. ఫాసెట్ మొహంలో ఒక దిగులు ఉంది, అది మీదకి నవ్వుతున్న దిగులు, దాని వెంట వెళ్తే ఎంత మంచి సినిమా అయ్యేదో. అందరి మాటలూ వినిపించే డైరెక్టరు ఈ ఒక్కావిడకే మైకు పెట్టలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

మిగతావాళ్లు బాగున్నారు. లారా డెర్న్ మరదలు, ముగ్గురు పిల్లలతో వచ్చి ఇంట్లో మకాం పెట్టి, ఏ సీన్లో చూసినా చేతిలో షాంపేన్. పెద్దమ్మాయి కేట్ హడ్సన్ పెళ్లికి సిద్ధమవుతూ మనసు మాత్రం తోడిపెళ్లికూతురు లివ్ టైలర్ మీద పెట్టుకుని ఉంటుంది. ఇంకో కూతురు టారా రీడ్, డల్లాస్‌లో జరిగిన అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య వెనక కుట్రలన్నీ టూరిస్టులకి చూపించే గైడు. ఇక్కడ డల్లాస్ తెలుగువాళ్లు నవ్వుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనందరి లిస్టూ ఒకటే కదా, ఫ్రిస్కో హనుమంతుడి గుడి, అర్వింగ్‌లో గాంధీ విగ్రహం, తర్వాత కెనెడీని 1963లో కాల్చిన చోట రోడ్డు మీద వేసిన ఆ ఎక్స్ గుర్తు. మా అత్తయ్యగారు దాన్ని చూసి, "రోడ్డు మధ్యలో ఎందుకు నిలబడతారయ్యా వీళ్లు, కారు గుద్దితే ఇంకో గుర్తు వేయాలి" అన్నారు. నిజమే, కార్ల మధ్యలోకి వెళ్లి ఫోటోలు దిగుతారు.

ఇప్పుడు చివరి భాగం చెప్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి. పెళ్లి ఆరుబయట. మబ్బు పట్టింది. పెళ్లికూతురు లివ్ టైలర్‌తో వెళ్లిపోతుంది, వాన కుమ్మేస్తుంది. డాక్టర్‌గారు సరాసరి గోల్ఫ్ కోచ్ దగ్గరికెళ్లి, నాతో వచ్చెయ్, నీకు ఇక పని చేసే అవసరమే ఉండదు, అన్నీ నేను చూసుకుంటానంటాడు. ఆవిడ, అది నాకెందుకు అంటుంది. రెండు గంటల సినిమాలో ఆయనకి ఎదురు చెప్పిన ఒకే ఒక్క మాట అది, ఆ మొహం చూడాలి మీరు. తర్వాత కారేసుకుని టోర్నడోలోకి వెళ్తాడు. 2019 అక్టోబర్ 20 రాత్రి నార్త్ డల్లాస్‌ని టోర్నడో కొట్టినప్పుడు మేం ఫోన్లో వార్నింగులు చూస్తూ దుప్పట్లు తీసుకుని క్లోజెట్‌లో కూర్చున్నాం. ఈయనేమో ఎగిరిపోయి మెక్సికో ఎడారిలో పడి, అక్కడొక గుడిసెలో పురుడు పోస్తాడు. ఏమీ దాచకుండా చూపిస్తారు, ముందే చెప్తున్నాను. పుట్టింది మగపిల్లాడు, ఆయన ఆనందానికి హద్దుల్లేవు.

దీని మీద మా ఇంట్లో పెద్ద గొడవ. ఇంతమంది ఆడవాళ్ల తర్వాత మగపిల్లాడు పుట్టడం ఊరటా, ఇదేం జోకు అని మా ఆవిడ. కాదు, ఆ మనిషికి సరిగ్గా వచ్చిన పని అదొక్కటే, అందుకే అంత సంతోషమని నేను. అత్తయ్యగారు మాత్రం, "అంత గాలిలో కొట్టుకొచ్చినవాడు చేతులు కడుక్కున్నాడా?" అన్నారు.

చూడమంటారా అంటే, చూడండి. మంచి సినిమానా అంటే సగం కాదు. కానీ ఆ మొదటి సీను నేను ఈ వారంలో నాలుగుసార్లు చూశాను, ఇంకో సినిమాకి అలా చేసి చాలా ఏళ్లయింది. ఇక సౌండ్‌బార్ సంగతి, నేను డైలాగ్ మోడ్ ఆపేశాను, మా అత్తయ్యగారు మళ్లీ ఆన్ చేశారు, ఆవిడ సీరియల్స్‌కి. అక్కడ ఒకరు మాట్లాడుతుంటే మిగతా పదకొండు మంది మొహాలు ఒక్కొక్కటే మూడేసి సార్లు చూపిస్తారు కదా. దానికి బ్రహ్మాండంగా పని చేస్తోంది.