సీడీ ఏదమ్మా?

వేదిక మీదున్న జిల్లా వైద్యాధికారి గారికి, ఆశా అక్కలకు, ఏఎన్ఎం చెల్లెళ్లకు నమస్కారం. పిల్లల గుండె వైద్యంలో వచ్చిన కొత్త టెక్నాలజీ గురించి చెప్పమన్నారు. చెప్తాను. కానీ నా గోడు కూడా వినిపించందే మైకు వదలను.

పుట్టే ప్రతి 1000 మందిలో 8, 9 మంది పిల్లలకు గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కొన్ని రంధ్రాలు వాటంతటవే పూడిపోతాయి. కొన్నింటిని ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి బాగుచేస్తాం. అదే క్యాథెటర్. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టర్ ఆ గొట్టాన్ని తన చేతి నరంలోంచి తన గుండెలోకే పంపుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. అప్పుడు చీవాట్లు పడ్డాయి, 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. అదో పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

ఈ గొట్టం పంపే గది, అంటే క్యాత్ ల్యాబ్‌లో ఎక్స్‌రే తెర మీద ఎముకలు కనిపిస్తాయి, గొట్టం కనిపిస్తుంది, రక్తనాళం మాత్రం కనిపించదు. బావిలో పడ్డ బిందె కోసం గాలం వేసి వెతికినట్టే. నాళం కనిపించాలంటే డై, అంటే ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించాలి, ఎక్స్‌రే తీయాలి. మళ్లీ మళ్లీ తీయాలి. డై కిడ్నీలకు భారం. రేడియేషన్ పెద్దలకన్నా పిల్లలకే ఎక్కువ చేటు, ఇంకా ఎన్నో ఏళ్లు బతకాల్సినవాళ్లు కదా.

అందుకే ఇమేజ్ ఫ్యూజన్. ముందే తీసిన సీటీ, లేదా ఎంఆర్ఐ స్కాన్ నుంచి నాళాల త్రీడీ బొమ్మ చేసి, ఆ ఎక్స్‌రే మీద పరుస్తాం. వెన్నుపూసలు, శ్వాసనాళం ఆనవాళ్లుగా రెండింటినీ కలుపుతాం. మిషన్ తిప్పితే బొమ్మా తిరుగుతుంది. గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళం బృహద్ధమని. అది ఇరుకైన చోట స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం వేయాలంటే ఎటునుంచి చూడాలో ముందే తెలుస్తుంది. ఇదేం మాయ కాదు సుమా. బిడ్డ ఊపిరి పీల్చినా, గొట్టానికి దారి చూపే గట్టి తీగ వెళ్లి నాళాన్ని వంచినా బొమ్మ పక్కకు జరుగుతుంది. కాస్త డైతో సరిచూసుకోవాల్సిందే.

ఇక నా గోడు. నారాయణపేట దిక్కు నుంచి ఒక తల్లి బిడ్డను తెచ్చింది. కొద్ది వారాల ముందే బయట సీటీ తీయించారు. సీడీ ఏదమ్మా అంటే, ప్లాస్టిక్ కవర్లోంచి ఫిల్ములూ, రిపోర్టు కాగితమూ తీసి, "గివే ఇచ్చిండ్రు సారూ" అంది. ఫిల్ముతో త్రీడీ బొమ్మ రాదు. పొర పొరగా ఉన్న కంప్యూటర్ ఫైలు కావాలి, అది సీడీలో ఉంటుంది. స్కాన్ తీసినచోటికి ఫోన్ చేస్తే, "సిస్టంలోంచి తీసేశాం సార్" అన్నారు! బిడ్డకు మళ్లీ మత్తు, మళ్లీ డై, మళ్లీ సీటీ. రేడియేషన్ తగ్గించే పరికరం ఎదురుగా పెట్టుకుని, దాని కోసమే ఇంకోసారి రేడియేషన్ ఇచ్చాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన 3 జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. కార్డు పదిలంగా దాచుకోవడం ఇంటింటికీ నేర్పింది మీరే కదా అక్కా! సీడీ సంగతీ అలాగే చెప్పండి. స్కాన్ తీసిన రోజే అడగాలి, గీతలు పడకుండా కవర్లో పెట్టాలి. బిడ్డ పెరిగాక పాత కొలతలు సరిపోవు, నిజమే. అయినా పారేయొద్దు, పోల్చి చూసుకోవడానికి మాకు పనికొస్తుంది.

వైద్యాధికారి గారూ, అంగన్‌వాడీల నుంచి, బడుల నుంచి పిల్లల్ని పెద్దాసుపత్రికి పంపే కాగితంలో "స్కాన్ సీడీ ఉందా?" అని ఒక గడి పెట్టించండి. తల ఊపుతున్నారు, సంతోషం. ఎప్పటిలోగా సార్? మైకు మీకే ఇస్తున్నా.