మాఘ పౌర్ణమికి ఫ్లోరిడాలో గాలం

శ్రోతలందరికీ నమస్కారం.

డిసెంబరు నెలాఖరుకి మిషిగన్‌లో మా ఇంటి దగ్గర చెరువు గడ్డకట్టేస్తుంది. గాలపు కర్రలు గ్యారేజీలో గోడకి చేరతాయి. మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నాకు మాత్రం పడవలో కూర్చుని, పచ్చటి ఒడ్డు చూస్తూ గాలం వేస్తేనే తృప్తి. అందుకే ఆరేళ్ళుగా ప్రతి చలికాలం ఐ-75 రోడ్డెక్కి ఫ్లోరిడా వెళ్తున్నాను. డెట్రాయిట్ నుంచి ఓర్లాండోకి దాదాపు 1,150 మైళ్ళు. ఒహాయో, కెంటకీ, టెనెసీ దాటి, జార్జియాలో సగం దూరం వెళ్ళేసరికి కోటు వెనక సీట్లోకి పోతుంది.

వెళ్ళేది బాస్ చేప కోసం. పూర్తి పేరు లార్జ్‌మౌత్ బాస్. మన కొరమీనుకి ఇది చుట్టం కాదు, కానీ అలవాట్లు చూస్తే అన్నదమ్ములనిపిస్తుంది. నాచులోనో తామరాకుల కిందో కదలకుండా నక్కి ఉండి, దగ్గరికొచ్చిన కప్పని ఒక్క గుటకలో మింగుతుంది. గుడ్లనీ పిల్లల్నీ మగ చేప కాపలా కాస్తుంది. మా ఊళ్ళో పంట కాలువ ఒడ్డున నాన్నగారు గాలానికి బతికున్న కప్పని గుచ్చి కొరమీను కోసం వేసేవారు. ఇక్కడ బాస్‌కి రబ్బరు కప్పని వేస్తారు. మొదటిసారి ఆ రబ్బరు కప్పని నాచు మీద గెంతిస్తూ లాగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాలువ గట్టే.

చలికాలంలోనే ఎందుకు వెళ్ళాలంటే, ఫ్లోరిడా బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చేది అప్పుడే. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి 70 వైపు వెళ్తుంటే పెద్ద పెద్ద ఆడ చేపలు లోతు తక్కువ చోటికి చేరతాయి. రాష్ట్రం దక్షిణ కొసలో డిసెంబరు, జనవరిల్లోనే ఇది మొదలవుతుంది. 2001 జనవరిలో, ఓర్లాండో పక్కనే కిసిమీ ఊరిని ఆనుకుని ఉన్న టోహో సరస్సులో, డీన్ రోజాస్ అనే బాస్ వేట పోటీదారు ఒక్కరోజులో 5 చేపలతో 45 పౌన్ల 2 ఔన్సులు తూచాడు. సగటున ఒక్కో చేప 4 కిలోల పైమాట! డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని డిస్నీకి తీసుకెళ్ళే మన కుటుంబాలు ఆ సరస్సుకి ఎంత దగ్గరగా వచ్చి వెళ్ళిపోతున్నాయో చాలామందికి తెలియదు. ఒక పూట అటు కేటాయించండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ప్రయాణానికి డబ్బు, సామాను, పడవ అన్నీ తర్వాత. ముందు కావలసింది రోజులు. నా మొదటి ప్రయాణానికి మూడంటే మూడు రోజులు పెట్టుకున్నాను. వెళ్ళిన రాత్రే ఉత్తరం నుంచి కోల్డ్ ఫ్రంట్, అంటే చలిగాలి, దిగింది. తెల్లారేసరికి ఆకాశం మబ్బు తునక లేకుండా నీలంగా, గాలి కత్తిలా ఉంది. మూడు రోజులూ పొద్దున్నించి సాయంత్రం దాకా గాలం వేశాను. ఒక్క చేప ముట్టలేదు. తిరుగు ప్రయాణంలో జార్జియా చేరాక తెలిసింది, ఆ మర్నాటి నుంచి అక్కడ చేపలు బాగా పడ్డాయని. ఆ బాధ చాలా రోజులు పోలేదు.

మా మిషిగన్‌లో మంచు కింద కూడా బాస్ ఎర తింటుంది కదా, అక్కడ ఈ కాస్త చలికే ఎందుకలా అయిపోతుందని అడగొచ్చు. ఫ్లోరిడా బాస్ వెచ్చటి నీళ్ళకి పుట్టిన జాతి. పైగా అక్కడి సరస్సుల్లో లోతు తక్కువ, ఒక్క రాత్రి చలికే నీళ్ళు చల్లబడిపోతాయి. చేపకి నీటి వేడి అంకె కంటే మార్పు ముఖ్యం. 58 డిగ్రీల దగ్గర ఉండి రోజూ కాస్త పెరుగుతున్న నీళ్ళు, 66 నుంచి 60కి పడిపోయిన నీళ్ళకంటే నయం. చలిగాలి వచ్చిన మొదటి రెండు రోజులూ చేప దట్టమైన గుర్రపుడెక్క కిందికి దూరి నోరు మూసుకుంటుంది. ఎండ కాసి నీళ్ళు తిరిగి వేడెక్కడం మొదలుపెట్టాక, ఎక్కువగా మూడో రోజుకి, మళ్ళీ కదులుతుంది. అందుకే వారం రోజులకి తక్కువైతే వెళ్ళొద్దంటాను. అంత సెలవు దొరకనివాళ్ళు హోటలూ విమానం టికెట్టూ మార్చుకునే వీలుండేలా తీసుకుని, పది రోజుల వాతావరణం చూశాక బయల్దేరండి.

తేదీలకి నేను వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరే చూస్తాను. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఉన్న రోజుల్లో గుడ్లు పెట్టే చేపలు ఎక్కువగా ఒడ్డుకొస్తాయని అక్కడి పాత వేటగాళ్ళ నమ్మకం, నా అనుభవమూ అదే. పుష్య పౌర్ణమి, మాఘ పౌర్ణమి చూసుకుంటే చాలు. కానీ పౌర్ణమి నాడే చలిగాలి దిగితే ఆ వెన్నెల మనకేమీ సాయపడదు.

రెండో సంగతి గాలి. దక్షిణ ఫ్లోరిడాలో ఓకీచోబీ సరస్సు చూశారా? 730 చదరపు మైళ్ళు. సగటు లోతు మాత్రం 9 అడుగులే, అంటే మనిషికి ఒకటిన్నర నిలువు. కొల్లేరులాగే వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. చుట్టూ 143 మైళ్ళ కట్ట ఉంటుంది. 1928 తుఫానులో సరస్సు పొంగి 2,500 మందికి పైగా చనిపోయాక కట్టిన కట్ట అది. దివిసీమ ఉప్పెన ఎరిగిన మనకి దాని అవసరం వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు మీద వెళ్తుంటే ఒకపక్క చెరకు తోటలు, ఇంకోపక్క గడ్డి మొలిచిన గట్టు, అంతే. సరస్సు కనబడదు. గట్టెక్కాక ఒక్కసారిగా అవతలి ఒడ్డు లేని నీళ్ళు!

అంత వెడల్పు మీద గాలి వీస్తే అడుగున ఉన్న బురద పైకి లేస్తుంది. మురికి నీళ్ళలో చేపకి ఎర కనబడదు. ఉత్తరపు గాలి రోజున దక్షిణాన ఉన్న క్లూయిస్టన్ వైపు అలలు కొడుతుంటే, ఉత్తరాన ఓకీచోబీ పట్నం వైపు గట్టు చాటున నీళ్ళు నిలకడగా ఉంటాయి, త్వరగా వేడెక్కుతాయి కూడా. కాబట్టి ఒకే రేవుకి కట్టుబడిపోకండి. బస చేసిన చోటి నుంచి గంట దూరంలో ఇంకో రేవు ఉండేలా చూసుకోండి. ముందురోజు రాత్రి ఎరలమ్మే కొట్టుకి ఫోన్ చేసి, నీళ్ళ వేడి నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా, తేటగా ఉన్నది ఏ వైపు అని అడగండి. విసుక్కోకుండా చెబుతారు.

లైసెన్సు గురించి తప్పకుండా చెప్పాలి. బయటి రాష్ట్రాలవాళ్ళకి మంచినీటి వేట లైసెన్సు 3 రోజులకి 17 డాలర్లు, 7 రోజులకి 30 డాలర్లు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. చేపల వేటకి గైడుని పెట్టుకుని అతని పడవలో వెళ్ళినా పెద్దవాళ్ళు ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. కిందటేడు మా మామగారు ఇండియా నుంచి వచ్చారు, 71 ఏళ్ళు. 65 దాటితే లైసెన్సు అక్కర్లేదు కదా అని ఒక స్నేహితుడన్నాడు. ఆ వెసులుబాటు ఫ్లోరిడా నివాసులకే. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు కర్ర పట్టుకోవాలంటే వాళ్ళ పేరున కూడా తీసుకోండి. రోజుకి మనిషికి 5 బాస్‌లు ఉంచుకోవచ్చు, అందులో 16 అంగుళాలు, ఆ పైన ఉన్నది ఒక్కటే. పులుసు కోసమైతే చిన్నవి రెండు ఉంచుకోండి. పెద్దవన్నీ దాదాపుగా ఆడవే, వాటిని నీళ్ళలో వదిలేయండి. 8 పౌన్లు, ఆ పైన తూగే చేపని ఫొటో తీసి వదిలిన వాళ్ళకి అక్కడి వన్యప్రాణి శాఖ ట్రోఫీక్యాచ్ పేరుతో బహుమతులు ఇస్తోంది కూడా.

మామగారితో గడిపిన ఆ రోజు గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. చలిగాలి వచ్చి వెళ్ళిన మూడో రోజు. నీళ్ళు 61. గైడు గాలానికి గోల్డెన్ షైనర్ని గుచ్చాడు. షైనర్ అంటే బంగారు రంగులో, అరచేయంత పొడవుండే చిన్న చేప. దాన్ని బెండు కట్టి జమ్ము అంచున వదిలాడు. అరగంట ఏమీ లేదు. ఉన్నట్టుండి బెండు సన్నగా వణకడం మొదలైంది. కింద షైనర్‌కి భయం పట్టుకుందన్నమాట. మామగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. షైనర్ ఒకసారి నీటి పైకి ఎగిరింది. బెండు పక్కకి జరిగి, నిదానంగా మునిగిపోయింది. “అల్లుడుగారూ, పట్టిందండీ!” అన్నారు, అరవడానికి గొంతు రాక.

ఐదు నిమిషాలకి చేప పడవ పక్కకొచ్చింది. ఏడు పౌన్లు దాటి తూగింది. చెయ్యి తడుపుకుని, కింది పెదవి పట్టి, రెండో చేత్తో పొట్ట కింద ఆన్చి గైడు ఆయన చేతికిచ్చాడు. జీవితమంతా చేపని ఇంటికి తెచ్చుకునే గాలం వేసిన మనిషి ఆయన. ఉబ్బిన పొట్టని కాసేపు చూసి, “కడుపుతో ఉన్నట్టుంది, వదిలేద్దామండీ” అన్నారు. వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి పట్టుకున్నారు. చేప ఒకటి రెండుసార్లు మొప్పలు ఆడించి, తోక ఒక్క విసురు విసిరి జమ్ములోకి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా అంతా తడిసింది. ఆ సాయంత్రం దాకా ఆరబెట్టుకోనే లేదు.

నమస్కారం.