ఆర్‌వీ ట్రిప్: ఏ రకం క్యాంపింగ్, ఎక్కడ దిగాలి? గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ ఉదాహరణతో

అందరికీ నమస్తే అండీ. స్క్రీన్ మీద ఉన్నది గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్, అంటే ఆ లోయ దక్షిణపు అంచు మ్యాప్. అమెరికాలో ఉంటూ, ఈసారి ఆర్‌వీ, అంటే మంచాలు, వంటగది ఉన్న బండి, అద్దెకు తీసుకుని వెళ్దాం అనుకుంటున్న మన ఫ్యామిలీల కోసం ఈ వీడియో. లెక్కకి ఆరుగురు అనుకుందాం. మీరిద్దరు, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. బండి క్లాస్ సీ. అదేనండీ, ముందు వ్యాన్ మూతి, డ్రైవర్ నెత్తి మీద అటకలాంటి మంచం. ఇదిగో, ఈ ఫోటోలో ఉన్నదే.

చాలామంది ముందు ప్లేస్ అనుకుని, తర్వాత సైట్, అంటే బండి ఆపుకునే చోటు, వెతుకుతారు. మనం తిరగేసి చేద్దాం. కరెంటు, నీళ్లు, మురుగు. ముందు ఈ మూడూ తేలాలి. మూడూ సైట్ దగ్గరే ఉంటే ఫుల్ హుకప్. ఏవీ లేకపోతే డ్రై క్యాంపింగ్. క్యాంప్‌గ్రౌండే లేకుండా అడవిలో ఆపుకుంటే బూన్‌డాకింగ్. అంతే, మ్యాప్‌లోకి వెళ్దాం.

ఇక్కడ జూమ్ చేస్తున్నా. ఇది ట్రైలర్ విలేజ్, పార్క్ లోపలే, ఫుల్ హుకప్, 50 అడుగుల బండి దాకా పడుతుంది. పుల్ త్రూ సైట్లు, అంటే ఇటు నుంచి వెళ్లి అటు నుంచి వచ్చేయడమే, రివర్స్ గొడవ లేదు. పెద్దవాళ్లు ఉన్నారు, మొదటిసారి వెళ్తున్నారు అంటే నా ఓటు దీనికే. రేటు ఎక్కువే, కానీ స్నానాలకి, అంట్లకి నీళ్లు లెక్కపెట్టుకోవక్కర్లేదు.

ఫుల్ హుకప్ కదా అని మురుగు పైపు తగిలించి బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచి వదిలేయకండి. అది టాయిలెట్ ట్యాంక్. తెరిచి ఉంటే నీళ్లన్నీ వెళ్లిపోతాయి, గట్టిది కింద గుట్టలా ఎండిపోతుంది, ఇక కదలదు. మూసే ఉంచండి. మూడింట రెండొంతులు నిండాక వదలండి, ఆ తర్వాత గ్రే ట్యాంక్ వదిలితే సింకు నీళ్లు పైపుని కడిగేస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, చెప్పక్కర్లేదు.

కరెంటు. అద్దె క్లాస్ సీ బళ్లు ఎక్కువగా 30 యాంప్స్. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీ ఒక 1,500, మైక్రోవేవ్ ఇంకో 1,500, పైన ఇన్‌స్టంట్ పాట్ 1,000 పెట్టారనుకోండి, బ్రేకర్ టప్పున పడిపోతుంది. అన్నం ఉడికేదాకా మైక్రోవేవ్ ముట్టుకోకండి, అంతే.

ఇప్పుడు పక్కకి జరుపుతున్నా. ఇది మాథర్ క్యాంప్‌గ్రౌండ్, ఇదీ పార్క్ లోపలే. చెట్ల మధ్య, చాలా బావుంటుంది, రేటూ తక్కువే. కానీ హుకప్స్ లేవు, 30 అడుగులు దాటకూడదు. మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్ ఉంది, చలికాలంలో మూసేస్తారు. డబ్బులు వేసి వాడుకునే షవర్లు కూడా ఉన్నాయి, స్నానాలు అక్కడే కానిచ్చేయండి. ఎందుకంటే ఈ సైజు బండిలో మంచినీళ్ల ట్యాంక్ సుమారు 40 గ్యాలన్లు, 150 లీటర్లు. ఆరుగురం మన పద్ధతిలో వాడితే రెండో రోజు సాయంత్రానికి పంపు గాలి పీలుస్తుంది. గిన్నెల జిడ్డు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాత కడగండి. జనరేటర్ కూడా ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపే వేసుకోనిస్తారు. జనరేటర్ బండి పెట్రోల్ మీదే నడుస్తుంది, అది పావు ట్యాంకు దగ్గరికి రాగానే జనరేటర్ ఆగిపోతే కంగారు పడకండి, బండి ఇంటికి నడవాలని కావాలనే అలా పెడతారు.

ఇంకోటి, సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగుల ఎత్తు. నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి, మూడు లీటర్లది చాలు. తాలింపు మాత్రం లోపల వద్దు, ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగుతుంది. రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్ బయట బల్ల మీద పెట్టుకోండి. మే నెలలో కూడా రాత్రుళ్లు గట్టి చలి, స్వెట్టర్లు పెట్టుకోండి.

మూడోది ఈ పచ్చ రంగంతా. పార్క్ గేటు బయటి టుసాయన్ ఊరి పక్కన కైబాబ్ నేషనల్ ఫారెస్ట్. ఉచితం, 14 రోజుల దాకా ఉండొచ్చు, నీళ్లు లేవు, టాయిలెట్ లేదు. కానీ చాలా రెంటల్ అగ్రిమెంట్లలో మట్టి రోడ్డు ఎక్కకూడదని రాసి ఉంటుంది. అది చదవకుండా వెళ్లకండి. సొంత బండి అయితే మీ ఇష్టం. దక్షిణాన విలియమ్స్‌లో ప్రైవేట్ ఆర్‌వీ పార్కులు కూడా ఉన్నాయి. అక్కడ బండి ఆపి రైల్లో క్యాన్యన్‌కి రావచ్చు, పిల్లలకి అదే పెద్ద పండగ.

సరే, బుకింగ్. ట్రైలర్ విలేజ్‌కి వేరే వెబ్‌సైట్. మాథర్‌కి రిక్రియేషన్ డాట్ గవ్, 6 నెలల ముందు తెరుస్తారు. లాగిన్, తేదీలు, మాథర్, ఎంటర్. అయిపోయింది. ఇప్పుడు ఆగండి. ఇక్కడ, ఈ ఫిల్టర్ దగ్గర. ఎక్విప్‌మెంట్‌లో ఆర్‌వీ పెట్టి, పక్కన పొడవు అడుగుతోంది చూడండి. అందరూ దొరికిపోయేది ఇక్కడే.

రెంటల్ పేజీలో ఏముంటుంది? 28 నుంచి 30 అడుగులు, అని ఒక రేంజ్. మీకు ఏది ఇస్తారో ఆ రోజు దాకా తెలియదు. కాబట్టి పెద్ద అంకె. పెద్ద అంకెనే కొట్టండి. వెనక సైకిళ్ల ర్యాక్ ఉంటే ఇంకో మూడు అడుగులు. 30కి 3 కలిపితే 33, మాథర్ అయిపోయింది, వెళ్లదు. అందుకే మాథర్‌కి వెళ్లాలంటే 25 అడుగుల బండి తీసుకోండి. ఫిల్టర్ ఒక్కదాన్నే నమ్మకండి. సైట్ నంబర్ నొక్కి కిందికి రండి, ఇంకా కిందికి, ఇదిగో, మాక్స్ వెహికల్ లెంగ్త్. దాని దగ్గర్లోనే బ్యాక్ ఇన్నా, అంటే రివర్స్‌లో పెట్టాలా, పుల్ త్రూనా అని ఉంటుంది. రెండూ చూడాలి. నేనైతే శాటిలైట్ మ్యాప్ కూడా తెరుస్తా, మలుపు దగ్గర చెట్టు ఉందో లేదో తెలిసిపోతుంది.

నిండిపోయిందా? ఈ గంట బొమ్మ నొక్కితే ఎవరైనా క్యాన్సిల్ చేసినప్పుడు మెయిల్ వస్తుంది. మన దగ్గర ఏడాది పార్క్ పాస్ ఉంది కదా అంటారేమో, అది గేటుకే, సైట్ అద్దె వేరు. దిగాక బండి కదపక్కర్లేదు, రెండు క్యాంప్‌గ్రౌండ్ల నుంచీ ఉచిత షటిల్ ఉంది. మార్చి నుంచి నవంబర్ దాకా రిమ్ వెంట వెళ్లే హెర్మిట్ రోడ్డులోకి సొంత బళ్లు ఎలాగూ రానివ్వరు.

డబ్బు కట్టేముందు రెంటల్ పేజీకి ఇంకోసారి వెనక్కి రండి. ‘స్లీప్స్ 6’ అని ఉంది కదా, అది మంచాల లెక్క. సీట్ బెల్టులు ఎన్నో విడిగా అడగండి. పిల్లల కార్ సీటుకి ముందుకు చూసే సీటే కావాలి, డైనింగ్ బల్ల దగ్గర వెనక్కి తిరిగి ఉన్న సీటు పనికిరాదు. ఆరు బెల్టులు, అందులో రెండు కార్ సీట్లకి ముందుకు చూసేవి ఉన్నాయని మెయిల్‌లో రాయించుకున్నాకే ఈ బటన్ నొక్కండి.