ఒక్కరే ఆడుకునే పేక

శ్రోతలకు నమస్కారం.

ఎగువన వానలు పడి గోదావరి పోటెత్తితే లంకలకు పడవలు ఆగిపోతాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి మధ్యాహ్నాలు కోనసీమలో మనకు కొత్త కాదు. ఆ పూట ఇంట్లో ఒంటరిగా ఉన్నవారు కూడా హాయిగా ఆడుకోగల ఒక ఆటను గురించి ఈరోజు చెబుతాను. పేక అనగానే మన జిల్లాల్లో సంక్రాంతి పందేలు గుర్తుకు వచ్చి పెద్దలు నొచ్చుకోవడం సహజమే. అయితే ఈ ఆటలో ఎదుటి మనిషి లేడు, పందెం లేదు, పోయే డబ్బు లేదు. దీనిని సాలిటేర్ అంటారు. ఇందులో చాలా రకాలు ఉన్నాయి. నేను చెప్పబోయేది క్లోన్‌డైక్ అనే రకం. 1990లో విండోస్ 3.0తో పాటు కంప్యూటర్లలోకి వచ్చి ఇంటింటికీ తెలిసినది ఇదే. నా మటుకు నాకు తెర మీద కంటే చాప మీద ముక్కలు పరిచి ఆడటమే ఇష్టం. అరుగు మీద మాత్రం వద్దు, గాలికి ముక్కలు తిరగబడితే ఆట చెడుతుంది. లోపల సావిట్లో కూర్చోండి.

జోకర్లు తీసేసి 52 ముక్కలను బాగా కలపండి. ఎడమ నుంచి కుడికి 7 వరుసలు పేర్చండి: మొదటి వరుసలో 1 ముక్క, రెండో వరుసలో 2, మూడో వరుసలో 3, ఆ విధంగా ఏడో వరుసలో 7. ప్రతి వరుసలోనూ పైముక్క ఒక్కటే తెరిచి ఉండాలి, దాని కిందివన్నీ బోర్లా ఉండాలి. మొత్తం 28 ముక్కలు పరిచినట్టు. అందులో 21 బోర్లా ఉన్నాయి. ఈ 21 అనే లెక్కను దయచేసి గుర్తు పెట్టుకోండి. మిగిలిన 24 ముక్కల కట్టను పక్కన బోర్లా పెట్టుకుని, వరుసల్లో జరపడానికి ఏమీ లేనప్పుడు అందులోంచి ఒక్కొక్కటే తీయండి. ఆరితేరినవారు మూడేసి తీసి, పైన వచ్చిన ముక్కనే వాడతారు. కొత్తవారికి ఒక్కొక్కటే మేలు.

వరుసల్లో ముక్క మీద ముక్క వేయడానికి నియమం ఒక్కటే: ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు, అంకె ఒక్కొక్కటి తగ్గుతూ రావాలి. ఆఠీను, డైమను ఎరుపు; ఇస్పేటు, కళావరు నలుపు. రాజు మీద రాణి, రాణి మీద జాకీ, జాకీ మీద 10. అలా కుదిరిన ముక్కలను గుత్తిగా కూడా జరపవచ్చు. ఒక వరుస పూర్తిగా ఖాళీ అయితే ఆ చోటికి రాజు తప్ప మరొకటి రాకూడదు. ఆసు బయటపడగానే పైన విడిగా పెట్టి, దాని మీద అదే గుర్తులో 2, 3, 4 అంటూ రాజు వరకు పేర్చుకుంటూ పోవాలి. నాలుగు ఆసుల మీదా నలుగురు రాజులు చేరితే ఆట గెలిచినట్టు.

నియమాలు ఇంతే. కానీ ఆడటం వేరు. నాకు ఈ ఆట నేర్పిన మా పెదనాన్నగారు పక్కన కూర్చుని ఒకే మాట అనేవారు: "ముక్క జరిపే ముందు, ఏ బోర్లా ముక్క తెరుచుకుంటుందో చెప్పి జరుపు." ఆ మాట ఎంత విలువైనదో ఒక ఆటను పూర్తిగా చెబితే తెలుస్తుంది. వీలున్నవారు ముక్కలు దగ్గర పెట్టుకుని వినండి.

పైముక్కలు ఎడమ నుంచి ఇలా ఉన్నాయి: ఇస్పేటు 9, డైమను 2, ఇస్పేటు 6, ఆఠీను 7, ఆఠీను 10, కళావరు 6, కళావరు రాణి. ఆఠీను 7 మీదికి రెండు నల్ల ఆరుల్లో ఏదైనా వస్తుంది. మూడో వరుసలోని ఇస్పేటు 6ను తీస్తే దాని కింద ఉన్నవి 2 బోర్లా ముక్కలే. ఆరో వరుసలోని కళావరు 6 కింద 5 ఉన్నాయి. కాబట్టి కళావరు 6నే తీయాలి. ఇక మొదటి వరుసలోని ఇస్పేటు 9ను ఆఠీను 10 మీదికి జరపాలని చేయి లాగుతుంది. ఆగండి. దాని కింద తెరవడానికి ఏమీ లేదు, ఖాళీ చోటుకు వెళ్ళడానికి కంటికి కనిపించే రాజూ లేడు. పైగా ఆ 10ని కళావరు 9 కోసం అట్టే పెట్టుకునే అవకాశం పోతుంది.

కళావరు 6 తీశాం. కింద డైమను 8 తెరుచుకుందనుకోండి. అది ఇస్పేటు 9 మీదికి వెళ్ళింది. దాని కింద డైమను రాజు బయటపడ్డాడు. ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, ఇస్పేటు 9ని డైమను 8తో సహా ఆఠీను 10 మీదికి జరపండి. మొదటి చోటు ఖాళీ అయింది, రాజు అక్కడికి చేరాడు, ఆరో వరుసలో ఇంకో ముక్క తెరుచుకుంది. ఏడో వరుసలోని కళావరు రాణి వచ్చి రాజు మీద కూర్చుంటే అక్కడా ఒకటి తెరుచుకుంది. పక్కనున్న కట్టను ముట్టుకోకుండానే 21 బోర్లా ముక్కల్లో 4 తెరిచాం, 17 మిగిలాయి.

ఎర్ర రాజు, నల్ల రాజు ఇద్దరూ ఉండి ఖాళీ చోటు ఒక్కటే ఉన్నప్పుడు, ఎదురు రంగు రాణి ఎవరి కోసం సిద్ధంగా ఉందో చూసి ఆ రాజునే జరపండి. పైన పేర్చే విషయంలోనూ తొందర వద్దు. ఆసులనూ రెండ్లనూ వెంటనే పంపండి. కానీ ఎర్ర 5ను త్వరపడి పైకి పంపితే, రేపు నల్ల 4కు వరుసల్లో చోటు దొరకకపోవచ్చు.

ఎంత బాగా ఆడినా గెలవలేని పంపకాలు కొన్ని ఉంటాయి. కట్టంతా తిరగేసినా కదలిక లేదని తేలినప్పుడు ముక్కలను వెంటనే కలిపేయకండి. బోర్లా మిగిలినవాటిని ఒక్కొక్కటే తిప్పి, ఏ ఆసు ఏ వరుసలో ఇరుక్కుందో, ఏ ముక్కను ముందు జరిపి ఉంటే అది బయటపడేదో చూసుకుని, ఆ తరువాత కొత్తగా పంచుకోండి. నమస్కారం.