చెక్కు మీద పడ్డ పేరు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను, ఏమీ అనుకోకండి. డిజైన్ నేర్చుకున్న పిల్లలకు ఫ్రీలాన్సింగ్ మెళకువలు చెప్పమని పిలిచారు. అవి తర్వాత. ముందు నా చెక్కు సంగతి చెప్పాలి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్స్ షాపులో నాలుగేళ్లు కూర్చుని, బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. మొదట ఏం చేశాననుకున్నారు? కస్టమర్లను వెతకలేదు, వ్యాపారానికి పేరు వెతికాను, ఇరవై రోజులు! చివర్లో 'క్రియేటివ్స్' అని ఉంటుంది, మిగతాది చెప్పను, నవ్వుతారు. లోగో పద్నాలుగుసార్లు మార్చి, మ్యాట్ లామినేషన్‌తో వెయ్యి కార్డులు కొట్టించాను.

పలాస నుంచి జీడిపప్పు వ్యాపారి ఒకాయన ప్యాకెట్ డిజైన్ అడిగాడు. నేను కవరు నిండా పువ్వులూ తీగలూ వేస్తే, "పప్పు కనపడాల బావూ, నీ బొమ్మ కాదు" అని, లోపల కనిపించే ప్లాస్టిక్ కిటికీని మూడుసార్లు పెద్దది చేయించాడు. ఆయన చెప్పిందే రైటు. పని అయ్యాక 18,500కి చెక్కు పంపాడు, కార్డు మీదున్న పేరుతో.

బ్యాంకులో మేడమ్ చెక్కు చూసింది, పాస్‌బుక్కు చూసింది. "ఈ పేరు ఎవరిది?" నాదే మేడమ్ అని కార్డు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "కార్డు చాలా బాగుంది" అని రెండూ వెనక్కిచ్చేసింది.

ఆ పేరు మీద కరెంటు ఖాతా, అంటే వ్యాపారం కోసం తెరిచే బ్యాంకు ఖాతా ఉండాలట. దానికి వ్యాపారం నడుస్తోందని చూపే కాగితాలు రెండు కావాలన్నారు, నా దగ్గర ఒక్కటీ లేదు. పోనీ చెక్కు నా పేరు మీద మార్చివ్వమని అడగొచ్చు కదా? నామోషీ! ఫోన్లో ఆయనకు "మా టీమ్ చూసుకుంటుంది సార్" అని చెప్పి ఉన్నాను. టీమంటే నేనే. అలా రేపూ మాపూ అంటుండగా మూడు నెలలు దాటిపోయి చెక్కు చెల్లకుండా పోయింది. చివరికి రైలెక్కి పలాస వెళ్లాను. ఆయన అంతా విని, "మీ టీములో బేంకుకెల్లీవోడు ఒక్కడూ లేడేటి బావూ?" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ జవాబు లేదు. కొత్త చెక్కు మాత్రం అప్పటికప్పుడే రాసిచ్చాడు, నా పేరు మీద.

కాబట్టి పిల్లలూ, ఒంటరిగా పని చేసినంత కాలం బిల్లు మీ పేరునే ఇవ్వండి. ప్రొప్రయిటర్‌షిప్‌లో అంటే ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారంలో, మీరూ మీ వ్యాపారమూ చట్టం ముందు ఒకటే; ఆ పేరుకు వేరే పాన్ కార్డు రాదు, పార్టీ డబ్బు ఇచ్చేటప్పుడే టీడీఎస్ అని పన్ను కోసినా మీ పాన్ మీదే పడుతుంది. మన సర్వీసుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా ఏడాదికి 20 లక్షలు దాటితే కదా, ఆ టెన్షన్ ఇప్పుడెందుకు? కంపెనీ పెట్టకుండా కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని మాత్రం రాసుకోకండి, తప్పవుతుంది.

మరి పేరు ఎప్పుడు? మీ పక్కన ఇంకొకరు కూర్చుని పని చేసే రోజున. లేదా పెద్ద పార్టీ ఏదైనా సంస్థ పేరుతో కొటేషన్ అడిగిన రోజున. అప్పుడు ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు, చేయించండి, పాన్, ఆధార్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఐదొందలు తీసుకునేవాళ్లు ఉన్నారు, ఇవ్వకండి. అది ఉంటే, పని అందుకున్న పార్టీ 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని అడిగే హక్కుంటుంది. తర్వాత కరెంటు ఖాతా. కార్డులు ఆఖర్న.

ఇంకోటి, ఇది నా కడుపుమంట. సొంత పేరుతో ఉంటే "మనోడే కదా" అంటారు. సిరిమాను జాతర ముందు వారం రాత్రి రెండింటి దాకా ఫ్లెక్సులు చేయించుకుని, "ప్రింటు మీ ద్వారానే ఇచ్చాం, డిజైన్‌కి కూడా డబ్బులేంటి?" అంటారు. అడుగుకి ఇంత అని ప్రింటుకి లెక్కుంది, ఆలోచనకి లేదు! దానికి సంస్థ పేరు మందంటారు కొందరు. నేను నమ్మను. పేరు మార్చినా మొహం అదే. పని ముట్టుకోకముందే రేటు రాసిన కాగితం చేతిలో పెట్టి, సగం అడ్వాన్సు తీసుకోండి.

ఇక్కడ ఇప్పటికే కార్డులు కొట్టించినవాళ్లు చేతులెత్తండి. అమ్మో, ఇంతమందా! సరే, పారెయ్యకండి. నావి ఇంకా ఆరొందల పైనే ఉన్నాయి. మా ఆవిడ వాటి వెనకాల పాల లెక్క రాస్తుంది. మ్యాట్ లామినేషన్ కదా, పెన్ను సరిగ్గా పడట్లేదని రోజూ తిడుతుంది.