నమస్కారం పెట్టే ఇళ్లు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ మాట అంటూ నేను చేతులు జోడించాను, రేడియోలో మీకది కనబడదు. మీరూ ఒకసారి జోడించండి. మునివేళ్లు తాకుతూ ఉండాలి, మణికట్టు దగ్గర మాత్రం రెండు చేతులూ ఎడంగా ఉండాలి. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నది ఒక ఇంటి కప్పు.

జపాన్‌లో గిఫు, తొయామా ప్రాంతాలు కలిసే కొండల్లో, షొగావా నది ఒడ్డున, ఇలాంటి కప్పులున్న పల్లెలు ఉన్నాయి. ఆ కట్టుబడికి వాళ్లు పెట్టుకున్న పేరు గస్షో-జుకురి. గస్షో అంటే బుద్ధుడి ముందు చేతులు జోడించడం. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లిన అంజలే అది. షిరకవాగో లోయలో ఒగిమాచి, పక్కనున్న గొకయామాలో ఐనొకురా, సుగనుమా. ఈ మూడు పల్లెల్నీ 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒగిమాచి పెద్దది, అక్కడ అరవై దాకా గస్షో ఇళ్లున్నాయి. ఐనొకురాలో ఇరవై, సుగనుమాలో తొమ్మిది.

చూడ్డానికి మన పూరిళ్లే, కాకపోతే మూడు నాలుగు అంతస్తుల పూరిళ్లు. కప్పు వాలు దాదాపు అరవై డిగ్రీలు. శీతాకాలంలో ఆ లోయలో మంచు మనిషి ఎత్తు దాటి పడుతుంది. వాలు తక్కువైతే ఆ బరువుకు ఇల్లు కూలిపోతుంది. ఒగిమాచిలో ఇళ్లన్నీ ఉత్తరం, దక్షిణం వైపు మొహం పెట్టి, ఒకే పంక్తిలో భోజనాలకు కూర్చున్నట్టు ఉంటాయి. అలా కడితే లోయలో వీచే గాలి కప్పును అడ్డంగా తన్నదు. పొద్దున ఒక వాలుకూ సాయంత్రం రెండో వాలుకూ ఎండ తగిలి గడ్డి ఆరుతుంది. వాస్తు అన్నా అనుకోండి, ఇంగితజ్ఞానం అన్నా అనుకోండి.

ఆ కప్పులో ఒక్క మేకు ఉండదు. వాసాల్ని గడ్డితాళ్లతోనూ, మన్సకు అనే చెట్టు లేత కొమ్మలతోనూ కడతారు. కొమ్మను పచ్చిగా ఉన్నప్పుడే మెలితిప్పి చుడతారు. ఎండే కొద్దీ అదే బిగుసుకుంటుంది. పెద్ద వాసాల కింది కొనల్ని పెన్సిల్‌లా చెక్కి గుంటల్లో ఆనిస్తారు, అంతే. గాలి తోసినా, భూమి కదిలినా కప్పు కొంచెం ఊగి మళ్లీ సర్దుకుంటుంది. 1935లో ఇక్కడికి వచ్చిన జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ ఈ ఇళ్లను తెగ మెచ్చుకున్నాడు.

ఒగిమాచిలో వాదా కుటుంబం ఇల్లు అన్నిటికంటే పెద్దది, టికెట్ కొని లోపలికి వెళ్లవచ్చు. కింద మనుషులు, పైన పట్టుపురుగులు. అంత పెద్ద అటక కట్టింది వాటి కోసమే. వరి పండే నేల తక్కువ కాబట్టి పట్టే వాళ్లకు ఆధారం. మన హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ తోటలు వేసే రైతులకు ఆ అటక మీది తట్టల్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

నాకు మరీ ఆశ్చర్యంగా అనిపించేది మాత్రం ఆ ఇళ్ల నేల కింద జరిగిన పని. పొయ్యి పక్కన నేల కింద గొయ్యి తవ్వి, మట్టి, పట్టుపురుగుల పెంట, యొమొగి అనే ఆకు వరసలుగా పరిచేవాళ్లు. యొమొగి అంటే వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి చుట్టం. దాన్ని తిరగేస్తూ కొన్నేళ్లు మాగనిస్తే ఆ మట్టిలో సూరేకారం పుడుతుంది. తుపాకి మందుకు అదే ముడిసరుకు. గొకయామా సూరేకారం కొండలు దాటి కనజవాలోని మయెదా ప్రభువులకు చేరేది. పైన పట్టు, కింద మందుగుండు, మధ్యలో అన్నం వండుకునే సంసారం!

ఆ ప్రభువులే గొకయామాను ప్రవాస శిక్షకు కూడా వాడుకున్నారు. ఖైదీలు పారిపోకుండా షొగావా మీద వంతెన కట్టనివ్వలేదు. ఊరివాళ్లు తాడుకు వేలాడే బుట్టలో కూర్చుని నది దాటేవాళ్లు. శిక్ష పడింది ఎవరికో, అవస్థ అందరిదీ.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి పట్టు ధర పోయింది, కుర్రాళ్లు పట్నం దారి పట్టారు. 1961లో మిబొరో డ్యామ్ పూర్తయి ఎగువ పల్లెలు నీట మునిగాయి. మునిగే ఊరి గుళ్లలోని రెండు ముసలి చెరీ చెట్లను, నాలుగు వందల ఏళ్లకు పైబడ్డవాటిని, పెకలించి గట్టు మీదికి తీసుకొచ్చి నాటారు. అందరూ చచ్చిపోతాయన్న ఆ చెట్లు ఇప్పటికీ రిజర్వాయర్ ఒడ్డున వసంతంలో పూస్తున్నాయి. ఇళ్లు మాత్రం ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. అప్పుడు 1971లో ఒగిమాచి జనం కూర్చుని మూడు మాటల కట్టుబాటు పెట్టుకున్నారు: అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. యునెస్కో రావడానికి ఇరవై నాలుగేళ్ల ముందు సంగతి ఇది.

గడ్డి కప్పు మార్చడం ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. వంద, రెండు వందల మంది కప్పెక్కి ఒక వాలును ఒకటి రెండు రోజుల్లో కప్పేస్తారు. ఈ రోజు నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. నాట్లప్పుడు మన పల్లెల్లో బదులుకు వెళ్లడం లాంటిదే, దాన్ని వాళ్లు యుయి అంటారు. ఇప్పుడు కూలికి చేసే పనివాళ్లూ వచ్చారు, యుయి పూర్తిగా పోలేదు. ఇక గడ్డి ఇళ్లకు నిప్పంటే ఎంత భయమో వేరే చెప్పాలా? ఏటా శరదృతువు చివర ఊరంతా ఒకేసారి నీళ్ల గొట్టాలు విప్పి తనిఖీ చేసుకుంటుంది. కప్పులన్నిటి మీదా నీటి ధారలు లేచే ఆ కొద్ది నిమిషాల కోసం ఫొటోగ్రాఫర్లు కాచుకుని ఉంటారు.

ఇక వెళ్లేవారికి. కనజవా నుంచి బస్సులో గంటంబావు, తకయామా నుంచి గంటలోపు. 2008లో ఎక్స్‌ప్రెస్ హైవే పూర్తయ్యాక మనుషులు విరగబడి వస్తున్నారు. శీతాకాలంలో కొన్ని సాయంత్రాలు మంచు కప్పిన ఇళ్ల మీద దీపాల వెలుగు పడేలా చేస్తారు, దానికి ముందే బుకింగ్ ఉండాలి. అక్టోబరులో దొబురొకు పండగ. గుళ్లోనే బియ్యం పులియబెట్టి చేసిన తెల్లటి మద్యం దేవుడికి పెట్టి, వచ్చినవాళ్లకూ పోస్తారు. చూడ్డానికి అచ్చం కల్లులా ఉంటుంది. సెప్టెంబరు చివర గొకయామాలో కొకిరికో పాట, ఆట. నూట ఎనిమిది చెక్కబిళ్లల్ని తాడుకు గుచ్చి, విల్లులా వంచి ఆడిస్తే గలగలా మోగుతుంది. ఆ నూట ఎనిమిదీ మనిషికుండే కోరికల లెక్కట. రష్ వద్దనుకుంటే నా ఓటు ఐనొకురాకే.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. సోయా గింజల్ని పులియబెట్టి చేసే మిసో ముద్దను ఎండిన పెద్ద మగ్నోలియా ఆకు మీద పెట్టి, ఆకుతో సహా నిప్పుల మీద కాలుస్తారు. హోబా మిసో అంటారు, అన్నంలోకి బ్రహ్మాండం. కానీ శాకాహారులు పులుసులూ చారులూ అడిగి తాగాలి, చాలా వాటిలో చేప నీళ్లు ఉంటాయి.

వీలైతే ఒక రాత్రి గస్షో ఇంట్లోనే బస చెయ్యండి. సాయంత్రం ఆఖరి బస్సులు వెళ్లిపోయాక పక్క కాలవల్లో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఇంటి నడుమ ఇరొరి అనే పొయ్యి వెలిగిస్తారు. పొగ పైకి వెళ్లి గడ్డినీ, తాళ్లనూ పట్టుకుంటుంది. పురుగు పట్టకుండా, తడికి కుళ్లకుండా కాపాడేది ఆ పొగే. పొయ్యి మానేసిన ఇళ్ల కప్పులు తొందరగా పాడవుతున్నాయి కూడా. మీ బట్టలకూ ఆ వాసన పడుతుంది. కళ్లు మండుతున్నాయని కిటికీ తెరవమని మాత్రం ఇంటివాళ్లను అడక్కండి.

ఉంటాను, సెలవు.