సగం గిన్నె చాయ్, సోన్ కుల్ గుర్రాలు | కిర్గిజ్‌స్తాన్‌ల మూడు రోజులు

నమస్తే అందరికి. ముందుగాల మా అమ్మకు. అమ్మా, నేను మంచిగనే ఉన్న. సిగ్నల్ లేని కాడికి పోతున్న, మూడు రోజులు ఫోన్ కలవదు అని చెప్పే పోయిన. అయినా రెండో రోజుకే నువ్వు పెద్దమ్మకు చేసి, పెద్దమ్మ దుబాయ్‌ల ఉన్న అన్నకు చేసి, అన్న మా సీనియర్ నంబర్ ఎక్కడికెళ్లో సంపాయించి, అందరు కలిసి ఆగమాగం చేసిన్రు. ఇగో, కాళ్లు చేతులు అన్ని ఉన్నయి. కూసుంటెనే జర నొస్తుంది. ఎందుకో వీడియో ముందుకు పోతే తెలుస్తది.

కొత్తగ చూసేటోళ్లకు చెప్త. మాది జగిత్యాల దిక్కు. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌ల ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం ఇప్పుడే అయిపోయింది. ఈ ఛానల్ పేరు కోసం పెట్టింది కాదు. 2024 మే నెలల ఒక రాత్రి ఇక్కడ గుంపులు విదేశీ స్టూడెంట్ల హాస్టళ్ల మీదికొచ్చిన ముచ్చట మీకు యాదికుండే ఉంటది, టీవీలల్ల వచ్చింది. మేం లైట్లు బంద్ చేసి, తలుపుకు మంచం అడ్డం పెట్టి కూసున్నం. అప్పటిసంది మా అమ్మకు గొంతు వినపడితే సాలదు. మొఖం కనపడాలె, ఎనక గోడ కనపడాలె, ఆ గోడ మా రూముదే అని ఆమె గుర్తుపట్టాలె. రోజుకో వీడియో పంపుడు కంటె ఒక్కకాడ పెడితే చుట్టాలందరు చూస్తరు గదా అని మొదలుపెట్టిన. చూసేది సగం మా ఊరోళ్లే, మిగిలిన సగం ఇక్కడికి రావాలనుకునే పిల్లల తల్లిదండ్రులు.

సెలవులకు ఇంటికెందుకు రాలేదు అని కామెంట్లల్ల మస్తు మంది అడుగుతున్నరు. రానుపోను టికెట్ 40 వేలు దాటింది. బాపు "రా బిడ్డా, నేను పంపిస్త" అన్నడు. ఆయన నా ఫీజుల కోసం 11 ఏండ్లు దుబాయ్‌ల ఉండి, రెండేండ్లకోసారి వచ్చిపోయిండు. ఆయన రెండేండ్లు ఆగినోడు, నేను ఒక్క ఏడు ఆగలేనా అనుకున్న. అంతే. ఆ ముచ్చట ఇంతటితోని బంద్.

అన్నట్టు, పైసల ముచ్చట. బాపు దుబాయ్‌ల ఉన్నప్పుడు మా అమ్మ నోటికి ఎప్పుడు 18వ ఎక్కమే. బాపు 25 దిర్హంలు పెట్టి బిర్యానీ తిన్న అంటే, ఈమె ఇక్కడ నిలవడి "450 పెట్టి తిన్నవా?" అనేది. పాపం, ఆ మనిషి మళ్ల తిన్నడో లేదో. ఇక్కడి పైసలను సోమ్ అంటరు. ఇప్పుడైతే సోమ్‌కు రూపాయికి పెద్ద తేడా లేదు, అటు ఇటుగ ఒకటికి ఒకటే. అమ్మకు గుణించే పని లేకుంట పోయింది. ఇగ పోల్చుడు మొదలువెట్టింది. టమాట కిలో ఎంత అంటది, చెప్పిన అంటే మన అంగట్ల ఇంతనే అంటది. అందుకని ఈ వీడియోల నేను సోమ్ అన్నకాడల్లా మీరు రూపాయి అనుకోన్రి.

పోయింది ఎక్కడికంటే సోన్ కుల్. కుల్ అంటే వాళ్ల భాషల సరస్సు. బాపు "చెరువు చూడవోయినవా బిడ్డా" అని నవ్విండు. ఆ చెరువు 270 చదరపు కిలోమీటర్లు ఉంటది బాపూ, సముద్ర మట్టానికి 3,016 మీటర్ల ఎత్తుల. టూరిస్టులు ఎక్కువ పోయేది ఇస్సిక్ కుల్‌కు. అది ఇంకా పెద్దది, చలికాలంల గూడ గడ్డ కట్టదు, ఒడ్డుకు రిసార్టులు, పడవలు, అన్ని ఉంటయి. సోన్ కుల్‌కాడ ఏముండయి. చలికాలం మొత్తం మంచు, తొవ్వలు బంద్. జూన్ వచ్చినంక గొర్లు, గుర్రాలు తోలుకొని మనుషులు మీదికెక్కుతరు, సెప్టెంబర్‌ల దిగుతరు. ఎండాకాలం మేపే ఆ బీళ్లను జైలూ అంటరు. మా అమ్మ ఈ మాట విని ఒక్కసారి లేచి కూసున్నదట. ఆ జైలు కాదమ్మా.

పొద్దుగాల బిష్కెక్ పడమటి బస్టాండ్ల మర్ష్రుత్కా ఎక్కినం నేను, మా రూమ్మేట్. ఆమెది ఖమ్మం. మర్ష్రుత్కా అంటే చిన్న వ్యాను. టైముకు కాదు, నిండితే కదులుతది, మన సెవెన్ సీటర్ ఆటో లెక్కనే. కొచ్కోర్ అనే ఊరి దాకా 350 తీసుకున్నడు. 200 కిలోమీటర్లకు 350 అంటే అన్యాయం కాదు. తొవ్వల బూమ్ లోయ వస్తది, ఆ లోయ పొడుగుత చూయ్ నది పక్కపక్కనే ఉరుకుతది. తర్వాత ఓర్తో తొకోయ్ అని రిజర్వాయర్ ఒకటి, నీళ్లు పచ్చనీలంగ. మా రూమ్మేట్ పులిహోర పొట్లం ఇప్పేసరికి వ్యాన్ల అందరు మెడలు తిప్పిన్రు. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడిదిక్కు నడుస్తయి, కాని కార్లల్ల చాన జపాన్‌కెళ్లి వచ్చిన పాత బండ్లు, స్టీరింగ్ గూడ కుడిదిక్కే. ముంగట లారీని దాటాలంటే డ్రైవర్‌కు తొవ్వ కనపడదు, పక్క సీట్లోనిదే భారం. నేను ఒకసారి ఆ సీట్ల కూసున్న, డ్రైవర్ నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసిండు. "పో" అన్న. ఆ బాధ్యత నాకు ఎంబీబీఎస్ కంటె బరువనిపించింది.

కొచ్కోర్‌కెళ్లి షేర్ ట్యాక్సీల కిజార్త్ అని ఊరు. అక్కడ గుర్రాలు తీసుకున్నం, రోజుకు 1,500 ఒక్కో గుర్రం. దారి చూపే పిల్లగాడికి రోజుకు 2,000, అది ఇద్దరం పంచుకున్నం. వానికి 19 ఏండ్లు. నాకు గుర్రం తెల్వదు, గుర్రానికి నేను తెల్వను. ఎట్ల నడపాలె అంటే ఒక్కటే మాట చెప్పిండు, "చూ!" అంటే పోతది. ఆపాలంటే కళ్లెం గుంజాలె. మొదటి గంట నేను చూ అన్నా అది గడ్డే మేసింది. వాడు ఎనకకెళ్లి ఒక్కసారి చూ అన్నడు, ఇగ చూసుకోన్రి, ఈ క్లిప్‌ల మీకు ఆకాశం, గడ్డి, నా చెప్పు, మళ్ల ఆకాశం కనపడుతయి. ఎడిట్ చెయ్యలే, అట్లనే ఉంచిన. చూసి నవ్వుకోన్రి.

మొదటి రాత్రి కిలెమ్‌చె అనే లోయల పన్నం. నేరుగ సరస్సుకు పోవద్దా అంటే, పోవచ్చు, జీపు తొవ్వ గూడ ఉన్నది. కాని బిష్కెక్ 800 మీటర్ల ఎత్తుల ఉంటది. అక్కడికెళ్లి ఒక్క పూటల 3,000 దాటితే తల పగులుతది, వాంతులయితయి. నడుమ ఒక రాత్రి పంటె ఒంటికి అలవాటైతది. ఇది డాక్టర్ కాబోయే మనిషి చెప్తున్న మాట, నీళ్లు మస్తు తాగు అంటే మా రూమ్మేట్ వినలే, తక్కువ తాగింది, రెండో రాత్రి తల పట్టుకొని కూసున్నది.

ఇగ అసలు ముచ్చట. వాళ్లు ఉండే గుడారాన్ని మనం యర్ట్ అంటం, వాళ్లు బోజ్ ఊయ్ అంటరు. కట్టె జాలి చుట్టు తిప్పి, మీద ఉన్ని పట్టా కప్పుతరు. ఆ ఉన్ని మన గొంగడి లెక్క నేసింది కాదు, తడిపి, తొక్కి, చుట్టి, దొర్లించి గట్టిపరిచింది. పైన నడుమ గుండ్రంగ కిటికీ లెక్క ఉన్నది చూడున్రి, దాన్ని తుండుక్ అంటరు. వీళ్ల జెండా మీద సూర్యుని నడుమ ఉన్నది గదే. 2023 చివరల జెండా మార్చిన్రు. పాత సూర్యుడు పొద్దుతిరుగుడు పువ్వు లెక్క కొడుతున్నడని కిరణాలు సీదా చేసిన్రు. 40 కిరణాలు మాత్రం అట్లనే ఉన్నయి, 40 తెగలకు గుర్తు.

నడుమ ఇనుప పొయ్యి. పొయ్యిల ఏం కాలుతుందో చెప్పున్రి? పిడకలు! చెట్టు లేని కాడ ఇంకేం కాలుస్తరు. తెజెక్ అంటరు. ఆ పొగ వాసన ముక్కుకు తగిలిందో లేదో నాకు మా నానమ్మ కట్టెల పొయ్యి, పొద్దుగాల కాగు కింద మంట, అన్ని ఒక్కసారే... సరే, ఈ కాడ క్లిప్ కొంచెం కట్ చేసిన.

వాకిలికి ఎదురుంగ ఉన్న జాగ చుట్టాలకు. మమ్ముల అక్కడ కూసోవెట్టింది ఆ ఇంటి పెద్దామె. పెద్ద వయసు ఆడోళ్లను ఇక్కడ అపా అంటరు. అపా రొట్టె, మీగడ, జాము, బోర్సోక్ పెట్టింది. బోర్సోక్ అంటే నూనెల ఏంచిన పిండి ముక్కలు, తీపి లేని బాదుషా అనుకోన్రి. చాయ్ పోసింది. పిడి లేని చిన్న గిన్నె, దాన్ల సగం. సగం గూడ లేదు, రెండు గుక్కలు.

మా దిక్కు ఎవలింటికన్న పోతే సగం గ్లాసు చాయ్ పోసిన్రనుకో, ఆ ఇంటి ముచ్చట నెల రోజులు నడుస్తది. మా నానమ్మ అయితే గ్లాసు నిండి సాసర్లకు పొర్లకపోతే పోసినట్టే లెక్కవెట్టదు. నేను మొదటి సంవత్సరం ఇక్కడ మా ఇంటి ఓనరామె చాయ్‌కు పిలిస్తే, ఇట్లనే సగం పోసింది. పిసినారిది అనుకున్న. రెండోసారి, మూడోసారి, మళ్ల సగమే. నాకు వచ్చిన నాలుగు రష్యన్ మాటలతోని "నిండ పొయ్యున్రి" అన్న. ఆమె మొఖం మాడిపోయింది. పోసింది, ఒక్క మాట మాట్లాడలే. నేను తాగి, లేచి, వచ్చిన.

ఆరు నెలలకు గాని మా క్లాసుల ఒక కిర్గిజ్ పిల్ల చెప్పలే. గిన్నె నిండ పోస్తే "తాగి పో" అన్నట్టట. సగం పోస్తే చాయ్ సల్లారదు, అయిపోంగనే మళ్ల అడుగుతవు, వాళ్లు మళ్ల పోస్తరు, అట్ల ముచ్చట సాగుతది. అంటే నేను ఆ పెద్దమనిషితోని "నన్ను ఎల్లగొట్టు" అని అడిగి మరీ పోయించుకున్న! తర్వాత పోయి సారీ చెప్పిన. ఆమె నవ్వి, రెండు గుక్కలు పోసింది.

అందుకే అపా పోస్తుంటే నేను లెక్కవెట్టిన. మొదటి రాత్రి ఏడు గిన్నెలు. రెండో రోజు 3,000 మీటర్ల పైన ఒక కనుమ దాటి సోన్ కుల్ ఒడ్డుకు దిగినం. ఆ నీళ్లు చూసినంక మా ఇద్దరికి మాట రాలే, అందుకే ఇక్కడ వాయిస్ లేదు, గాలి సప్పుడే ఉన్నది, వినున్రి.

సాయంత్రం గుర్రం పాలు పిండుడు చూసిన. పిల్లను ముందు కొంచెం కుడవనిచ్చి, తల్లి చేపినంక పిల్లను పక్కకు గుంజి పిండుతరు. అచ్చం మన బర్రె లెక్కనే. రోజుకు ఐదారుసార్లు పిండుతరట. ఆ పాలు పులియవెడితే కుమిస్. నేను తాగిన. పులిసిన సల్లల పొయ్యి పొగ కలిపి, కొంచెం సోడా పోస్తే ఎట్లుంటదో అట్లుంటది. కొంచెం కల్లు గుణం గూడ ఉంటది. బాపూ, ఒక్క గిన్నెనే.

రాత్రి మస్తు సలి. జులై నెలల నాలుగు దుప్పట్లు, మీద నా జాకెట్. బిష్కెక్‌ల ఫ్యాను కింద ఉడికినోళ్లం మేమేనా అనిపించింది. అర్ధరాత్రి బయటికి పోయి మీదికి చూస్తే పాలపుంత ఇంత దగ్గర. ఫోన్ తీసిన, వీడియోల నల్లగ తప్ప ఏం రాలే. అమ్మకు చూపించుడు ఎట్ల అనుకుంట చాన సేపు నిలవడ్డ.

మూడో రోజు పొద్దుగాల కనుమ మీద మబ్బు దిగింది. పిల్లగాడు తొందర పెట్టవట్టిండు. ఇక్కడి అపాతోని వాళ్ల భాషల ఏదో అన్నడు, ఆమె నవ్వింది. ఏమన్నవురా అంటే రష్యన్‌ల చెప్పిండు, "వీళ్ల గిన్నెలు నిండ పొయ్యి అపా, వాన వస్తది అన్న." అపా కేటిల్ లేపింది. నేను గిన్నె పట్టుకొని చూస్తున్న. ఒక్క గుక్క పోసింది. సగం గూడ కాదు, అడుగు తడిసింది. వాడు నెత్తికి చెయ్యి పెట్టుకున్నడు. మళ్ల ఒక్క గుక్క. మళ్ల ఒక్క గుక్క. మధ్యల మా అమ్మ ఏం చేస్తది, ఎంతమంది పిల్లలం, పెండ్లి ఎప్పుడు, అన్ని అడిగింది, వాడు మొఖం ముడుసుకొని అటు ఇటు మాటలు మారుస్తనే ఉన్నడు. 11 గిన్నెలైనయి.

కనుమ మీద వడగండ్లు పడ్డయి. గోలీలంత. మేం తడిసి ముద్దయినం, గుర్రం మాత్రం ఏం పట్టనట్టు నడిసింది. వాడు తొవ్వ పొడుగుత అపాను తిట్టుకుంటనే వచ్చిండు.

మొత్తం ఖర్చు, ఒక్క మనిషికి: రానుపోను బండ్లకు 1,300, గుర్రం మూడు రోజులకు 4,500, దారి చూపినందుకు 3,000, రెండు రాత్రులు పండుకునుడు, తిండి కలిపి 3,600, చిల్లర 600. 13,000 అయింది. మేం కట్టింది ఇది, మీరొస్తే బేరమాడుకోన్రి.

కిజార్త్ దాటినంక సిగ్నల్ వచ్చింది. మిస్డ్ కాల్స్ 43. అమ్మ తిట్టిన తిట్లు వీడియోల పెట్టను. మొత్తం విన్నంక నానమ్మ ఫోన్ గుంజుకొని ఒక్కటే అడిగింది.

"బిడ్డా, అక్కడ గోడలే లేవంటివి. మరి పిడకలు దేనికి కొడతరే?"

ఎండిన పేడ ఏరుకొచ్చుకుంటరు నానమ్మా, కొట్టరు అంటే, నమ్మలే.